నీటికి విడిచిన చోటు

సముద్రతీరమును గూర్చి వ్రాయుటకు కామారెడ్డి కాపురస్థురాలికి ఏమి యధికారమని మీరడుగవచ్చును. నిజమే. మా యూరివారు సముద్రము చూడవలెనన్న రాత్రియంతయు రైలులో కూర్చుండవలెను. మేమెరిగిన యల చెరువులోని యల. మేమెరిగిన తీరము చెరువుకట్ట. అయినను మొన్నటి మాఘమాసమున కామారెడ్డినుండి ఎల్లారెడ్డికి చేసిన చిన్న ప్రయాణములో, ఒకప్పుడు చూచివచ్చిన కాకినాడ, విశాఖపట్టణముల తీరములు నాకు మాటిమాటికి జ్ఞప్తికి వచ్చినవి. ఆ ప్రయాణమే మా యింటి సంగతి నొకదానిని కూడ తేల్చివేసినది. అందుచే ఈ నాలుగు మాటలు.

మా వారు ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయులు. పదునాలుగేండ్లుగా అద్దె యిండ్లలోనే కాపురము. పట్టణపు అంచున ఒక స్థలము తక్కువ వెలకు వచ్చుచున్నదని తెలిసి, నా గాజులు కుదువబెట్టి బయానా యిచ్చితిమి. స్థలము చదునుగా నున్నది. తూర్పు వాకిలికి అనువైనది. వెనుకతట్టున వర్షాకాలమున మాత్రము పారు చిన్న కాలువ, దానికావల చెరువు. ‘ఇంత చవుకగా నేల యిచ్చుచున్నారు?’ అని నేనడిగితిని. ‘క్రిందటి వరదకు భయపడి జనము వెనుకాడుచున్నారమ్మా. అటువంటి వాన నూరేండ్లకొకసారి. మన బ్రతుకులో మరల రాదు’ అని మధ్యవర్తి చెప్పెను. ఆ మాట మా వారికి నచ్చినది. నాకును నచ్చవలెననియే యుండెను. రిజిస్ట్రేషనుకు ఇంక పది దినములుండగా, ఎల్లారెడ్డి చెంతనున్న మా పెద్దాడపడుచుగారిని చూచి వత్తమని బయలుదేరితిమి.

ఆ వరద యెట్టిదో తెలియని సోదరీమణుల కొరకు చెప్పెదను. 2025 ఆగస్టు 27వ తేదీ వినాయకచవితి. పత్రి తెచ్చి పీఠముపై పెట్టునప్పటికే వాన జడిగా కురియుచుండెను. అది ఆగలేదు. మా జిల్లాలోని రాజంపేట మండలమున అర్గొండ గ్రామమునందు ఒక్క దినములో 40 సెంటీమీటర్లకు మించిన వాన పడినది. పట్టణములోని పల్లపు కాలనీలలో ఇండ్ల క్రిందియంతస్తులు మునుగగా జనము మేడలపైకెక్కి కేకలు వేసిరి. వారిని పడవలపై దింపవలసివచ్చెను. కామారెడ్డి, భిక్కనూరుల నడుమ రైలుకట్ట క్రింది మన్ను కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడెను. సముద్రమునకు వందల మైళ్ల దూరముననున్న మాకు ఆనాడు పడవ యవసరమైనదన్నమాట మరువదగినది కాదు.

బస్సు పట్టణము దాటుచుండగా నేను కిటికీలోనుండి చెరువులను చూచుచుంటిని. మా తెలంగాణమున చెరువులు ఒంటరివి కావు. పై చెరువు నిండిన యలుగు పారి క్రింది చెరువునకు చేరును. అది నిండిన దానికి క్రిందిది. గొలుసుకట్టు చెరువులని వీనికి పేరు. 2015 మార్చి 12న ‘మిషన్ కాకతీయ’ పేర చెరువుల పూడికతీత ఆరంభమైనది మా సదాశివనగరములోని పాతచెరువు కడనే. పూడిక తీయుట మంచిదే. కాని గొలుసులో కడియములెంత ముఖ్యమో, కడియమునకు కడియమునకు నడుమ నీరు నడచు దారియు అంత ముఖ్యము. ఆ దారిపై ఇండ్లు లేచిన, చెరువెంత లోతైనను దాని యలుగునీరు ఎవరి నట్టింటికో పోవలెను గదా!

చెరువు వెనుక, నీరు ఎండినప్పుడు బయటపడు నేలను మావైపు శిఖమందురు. వేసవిలో దానిలో దోసలు, పుచ్చలు పండించుకొందురు. వానలు వచ్చిన విడిచివేయుదురు. అది భూమి కాదనరు, నీరు కాదనరు. కొన్ని నెలలు మనది, కొన్ని నెలలు చెరువుది. పూర్వులకు ఈ యొడంబడిక తెలియును. నేటివారికి ఎండినప్పటి శిఖము మాత్రమే కనబడును. అందుచే గీతలు గీసి, రాళ్లు పాతి, స్థలములు చేసి యమ్ముదురు.

లింగంపేటలో దిగితిమి. అచ్చట నాగన్న బావి యను ప్రాచీనమైన మెట్లబావి కలదు. చిరకాలము చెత్తతో పూడియున్న దానిని ఇటీవల శుభ్రపరచి బాగుచేసిరి. అంతస్తులంతస్తులుగా లోనికి దిగుచుపోవు ఆ రాతికట్టడమును చూచి మా పిల్లవాడు, ‘అమ్మా, దీనికి ఒడ్డెక్కడ?’ అని అడిగెను. నేను చెప్పబోయి ఆగితిని. నీరు క్రిందనున్నప్పుడు క్రిందిమెట్టే యొడ్డు. నీరు పెరిగిన పైమెట్టు ఒడ్డు. ఈ బావికి తీరమొక్కటి కాదు; ఎన్ని మెట్లున్నవో అన్ని తీరములున్నవి. నీరెంత పెరిగినను కుండ ముంచుకొను స్త్రీకి నిలువ చోటుండును. ఎంత తగ్గినను నీరు దూరము కాదు. కట్టినవాడు నీటిని ఒకచోట నిలువుమని శాసింపలేదు. అది పెరుగునని, తగ్గునని యెరిగి, రెంటికిని చోటు విడిచెను.

అచ్చటి మెట్టుపై కూర్చుండి మా వారు నా సంచిలోని సరకుల చీటీ వెనుక లెక్క వేసిరి. ‘నూరేండ్లకొకసారి’ అనగా ఒకసారి వచ్చినచో మరల నూరేండ్లవరకు రాదని యర్థము కాదట. ప్రతి సంవత్సరమును నూటికి ఒకవంతు అవకాశమున్నదని మాత్రమే. అట్లు ముప్పదియేండ్లు కూడబెట్టిన, ఆ కాలములో ఒక్కసారియైనను వచ్చుటకు నూటికి 26 వంతుల అవకాశము. ‘ఇంటి ఋణము తీరులోపల నాలుగింట ఒకపాలు!’ అని వారు చీటీ మడచి జేబులో పెట్టుకొనిరి. అదియు వాతావరణము మారనప్పటి లెక్క. గాలి ఒక డిగ్రీ వేడెక్కిన అది పట్టుకొనగల నీటియావిరి నూటికి 7 వంతులు హెచ్చును. హెచ్చినది ఎక్కడనో కుండపోతగా దిగవలసినదే. తాతలనాటి వానల కొలతతో మనుమల యిండ్లు కట్టరాదు.

ఎల్లారెడ్డి చేరునప్పటికి ప్రొద్దువాలినది. మా వదినెగారు ఎదురువచ్చి, కాళ్లకు నీళ్లిచ్చి, అన్నము పెట్టక ఏ మాటయు చెప్పనీయలేదు. మరునాటి యుదయమున పొలమునకు తీసికొనిపోయిరి. వాగు ప్రక్కనున్న రెండెకరముల వరిమడి యిసుకమేట వేసి తెల్లగా ఎండలో మెరయుచున్నది. ‘పంట పోయిన మరల వత్తుననుకొందుము మరదలా, మడే పోయిన దేనిని నమ్మవలెను?’ అని ఆమె పిడికెడు ఇసుక తీసి వ్రేళ్ల సందులనుండి జారవిడిచిరి. ఆ యిసుకను చూచినప్పుడు నాకు ఉప్పాడ గుర్తువచ్చినది. ఇచ్చట వలదన్నచోట ఇసుక పడినది. అచ్చట కావలెనన్నచోట ఇసుక లేదు. ఈ సంగతి కొంచెము వివరింపవలెను.

ఆ పగలే పోచారము చెరువు చూడబోయితిమి. ఎల్లారెడ్డినుండి మెదకు పోవు దారిలో, ఆలేరు వాగుపై 1916 మొదలు 1922 వరకు కట్టిన ఆనకట్ట అది. చుట్టును అడవి, అదియే పోచారము అభయారణ్యము. నిండిన నీరు తనంతట తాను రాతికట్టడముపైనుండి పొర్లి దిగును. తలుపులెత్తువారి కొరకు కాచియుండదు. క్రిందటి యాగస్టులో దీనిపైకి వచ్చిన వరద, కట్టిననాడు లెక్కించిన 70 వేల క్యూసెక్కులకు రెట్టింపును మించినది. ప్రక్కన మట్టి కోసికొనిపోయినది. క్రిందియూళ్లవారిని దూరముగా తరలించిరి. అయినను నూరేండ్లు దాటిన ఆ ఆనకట్ట నిలిచినది. పొర్లిపోవు నీటికి విశాలమైన దారి విడిచి కట్టుటచేతనే అది నిలిచినదని నాకు తోచినది.

అచ్చట మేకల కాచుకొనుచున్న వృద్ధుడొకడు మా మాటలు విని, ‘నీళ్లకు తొవ్వ యాదికుంటదమ్మా. మనమే మరుస్తం’ అనెను. నేను పెక్కు గ్రంథములు చదివితిని గాని ఇంత తక్కువ మాటలలో ఇంత యర్థమును అరుదుగా చూచితిని.

మూడవనాడు నిజాంసాగరము చూచితిమి. మంజీరపై 1923లో ఆరంభించి 1931లో ముగించిన యానకట్ట; నవాబు అలీ నవాజ్ జంగు బహాదరు ముఖ్య ఇంజనీరుగా నుండి కట్టించినది. ఎందరి యన్నమో దాని క్రింద పండినది. కాని కట్టిననాడు దాదాపు 29.7 టీ.ఎం.సీ.ల నీరు పట్టిన జలాశయము, పూడిక చేరి చేరి, సగమునకంటె తక్కువకు దిగినది. ద్వారముల యెత్తు పెంచిన మీదట గాని 17.8కి రాలేదు. ఒక్కొక్క టీ.ఎం.సీ. యనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. అంత నీటిచోటును ఆక్రమించిన మట్టి యెంతయో ఊహింపుడు!

ఆ మట్టి యెచ్చటికి పోవలసినది? మంజీర కందకుర్తి కడ గోదావరిలో కలియును. గోదావరి దానిని మోసికొనిపోయి కోనసీమను, కాకినాడ తీరమును కట్టవలెను. డెల్టాలన్నియు అట్లే పుట్టినవి: ఎగువ నేలల మన్ను దిగువకు చేరి, అలలు తీసికొనిపోవు దానిని నది యేటేట పూరించుచుండును. ఇప్పుడు మంజీరపైనను గోదావరిపైనను అడుగడుగున ఆనకట్టలు. నీరు కొంత పోవును; మన్ను చాలవరకు ఆగిపోవును. గడచిన యర్ధశతాబ్దిలో గోదావరి సముద్రమునకు చేర్చు మన్ను మిక్కిలి తగ్గినదనియు, డెల్టా తీరము పలుచోట్ల వెనుకకు జరుగుచున్నదనియు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పరిశోధకులు చూపియున్నారు. మా నిజాంసాగరములో అడుగున పడియున్న మన్ను అచ్చటి తీరమునకు రావలసిన బాకీ. సముద్రతీరమును గూర్చి కామారెడ్డి స్త్రీకి మాటాడు నధికారము ఇచ్చటినుండియే వచ్చినది.

నాలుగేండ్ల క్రిందట కాకినాడలో బంధువుల పెండ్లికి పోయినప్పుడు ఉప్పాడ చూచితిమి. సముద్రము వీథులనే మ్రింగుచున్నది. సగము కూలిన గోడకు ఇంకను దేవుని గూడు అంటుకొనియుండెను. ఆ యింటి ముదుసలి, ‘మా పెండ్లినాడు సముద్రము అల్లంత దూరమున నుండెడిది’ అని చేయి చాచి చూపెను. ఆమె చూపినచోట పడవలాడుచున్నవి. ఒడ్డున బండరాళ్లు పోసిరి. ఇసుక నింపిన పెద్ద సంచులను పేర్చిరి. అల వాని క్రిందికి దూరి త్రవ్వుచునేయున్నది. ఆ కోతకు కారణమొక్కటి కాదు. నదిమన్ను తగ్గుట, ఇసుకతిన్నెల మార్పు, రేవుల కొరకు కట్టిన గోడలు, సముద్రమట్టము పెరుగుట అన్నియు చేరినవి. గోడ యొక గుణము మాత్రము అచ్చట నాకు బోధపడినది. అది తన వెనుకనున్న యింటిని కొంతకాలము కాచును. కాని తన కొనలో, పొరుగువాని తీరమును అల మరింత కోయును. మన వాకిలి యూడ్చి చెత్తను ప్రక్కవారి వాకిట పోయుట వంటిదది.

విశాఖపట్టణములోను ఇట్టిదే. ఆ తీరమున ఇసుక సంవత్సరములో ఎక్కువకాలము దక్షిణమునుండి ఉత్తరమునకు నడచును. రేవు కొరకు సముద్రములోనికి కట్టిన గోడలు దాని నడకకు అడ్డము. అందుచే రామకృష్ణా బీచిలో ఇసుక తరగిపోవును. ఓడలతో త్రవ్విన ఇసుకను గొట్టముల ద్వారా మరల అచ్చట పోయుచుండవలెను. మందు జీవితాంతము మ్రింగవలసిన రోగివలె ఆ తీరమును పోషించుకొనవలసినదే.

దీనికి మారుగా, కాకినాడ ప్రక్కనే కోరంగి మడయడవులు చూచితిమి. ఆ యభయారణ్యము 235 చదరపు కిలోమీటర్లు. బురదలోనుండి పైకి లేచిన వేళ్లతో ఊపిరి పీల్చు ఆ చెట్లు అల బలమును విరుచును, మన్నును పట్టి నిలుపును, చేపపిల్లలకు పురుటిల్లు. నేల లోతట్టునకు విడిచినయెడల నీటిమట్టముతోపాటు తామును వెనుకకు జరిగి మొలచును. గోడకు ఆ నేర్పు లేదు.

సంస్కృతమున ‘వేల’ అను మాటకు అమరకోశము సముద్రపు పోటనియు, మర్యాద యనియు, కాలమనియు అర్థములు చెప్పినది. చిన్ననాట మా నాయనగారి యెదుట వల్లెవేసినప్పుడు ఈ మూటికిని సంబంధమేమో నాకు తెలియలేదు. నాగన్న బావి మెట్టుపై తెలిసినది. తీరమనగా నిలుకడ గీత కాదు. నీరు రాదగిన కాలమున వచ్చి, పోదగిన కాలమున పోవు మర్యాద. ఆ రాకపోకలకు చోటు లేకుండ గీత గీసితిమేని మర్యాద తప్పినది సముద్రము కాదు, మనము.

మన తూర్పుతీరమున సముద్రము వచ్చుట క్రొత్త కాదు. 1839లో కోరంగి రేవు తుపానులో నశించినది. 1864 నవంబరులో బందరులో సుమారు ముప్పదివేలమంది పోయిరి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేలకు పైగా పోయిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణముపైననే విరుచుకొనిపడినది. నేడు ముందుగా హెచ్చరించు నేర్పు వచ్చి ప్రాణములు చాలవరకు దక్కుచున్నవి. కాని కదలిపోలేని యిల్లు, పొలము, బడి, ఆసుపత్రి అచ్చటనే యుండును గదా! వానికి చోటు నిర్ణయించుటయే పట్టణ నిర్మాణములో మొదటి ధర్మము.

చట్టములు లేకపోలేదు. 1991లో కేంద్రప్రభుత్వము పోటురేఖనుండి 500 మీటర్లవరకు తీరమునకు నియమములు విధించినది. 2019లో వానిని సవరించి కొన్నిచోట్ల సడలించినది. మా తెలంగాణములో 2012 నాటి భవన నియమముల ప్రకారము పది హెక్టార్లకు తక్కువ కాని చెరువునకు పూర్తి నీటిమట్టమునుండి 30 మీటర్లు విడువవలెను. కాగితముపై విడిచిన చోటు నేలపైనను విడిచినప్పుడే అది చోటు. హాలండు దేశమువారు తరతరములుగా కట్టలు ఎత్తుచేయుటలో ప్రసిద్ధులు. 1995 వరదలలో రెండున్నర లక్షలమందిని తరలింపవలసివచ్చిన పిదప వారును ఆలోచన మార్చుకొని, కొన్నిచోట్ల కట్టలనే వెనుకకు జరిపి నదికి చోటిచ్చిరి. కట్టుటలో మనకంటె నేర్పరులు విడుచుట నేర్చుకొన్నారన్నమాట.

మరి తీరపట్టణమున మెట్లబావి నీతి యెట్లుండును? అలకు దగ్గరిమెట్టున ఇసుకతిన్నె, మడచెట్లు. దాని పైమెట్టున వలలు ఆరవేయు నేల, ఆటస్థలము, తోట, అనగా నాలుగు దినములు నీరు నిలిచినను నష్టము లేనివి. ఆ పైమెట్టున ఎత్తరుగుల యిండ్లు. అన్నిటికంటె పైన ఆసుపత్రి, బడి, విద్యుత్తుకేంద్రము. గోడ వేరు దారి లేనిచోట మాత్రమే. తీరమున తరతరములుగా వలతో బ్రతుకువారిని వెడలగొట్టి, ఆ చోట వినోదభవనములు లేపుట ఈ నీతి కాదు. పడవ ఒడ్డున నుండవలెను, మేడ ఉండనక్కర లేదు. ఇక ఎగువనున్న మేము వాగులలో ఇసుక దోచుకొనక, ఆనకట్టల కడ ఆగిన మన్నును దిగువకు పంపు నుపాయము వెదకవలెను.

తిరుగు ప్రయాణములో లింగంపేట దాటువరకు మా వారు మాటాడలేదు. పిమ్మట, ‘బయానా పోవునేమో’ అనిరి. ‘పోనిండు’ అంటిని. నా గాజులు మరి రెండేండ్లు కుదువలో నుండునని నాకు తెలియును. అద్దెయింటి యజమానురాలి మాటలు ఇంకను వినవలెనని తెలియును. గొంతులో ఏదియో అడ్డుపడినమాట దాచను. కాని మేము ఆ నేలలో గోడలు లేపిన, మా వెనుకకాలువ నీరు తన తొవ్వ విడిచి ప్రక్కవారి యింటికి పోవలెను. వారి పిల్లలు మేడయెక్కి కేకలు వేయునప్పుడు మా వాకిట ముగ్గు నిలిచిన నాకేమి సుఖము?

మరునాడు మా వారు గ్రామపటము తెప్పించి చూచిరి. మేము చదునైన స్థలమనుకొన్నచోట సన్నని గీతలు రెండు ప్రక్కప్రక్కనే సాగి చెరువులో కలియుచున్నవి. అది నీటి దారి. బయానా తిరిగి రాలేదు.

సోదరీమణులారా! ఇల్లు కొనునప్పుడు మనము వంటగది యే మూలయో, వాకిలి యే దిక్కో అడుగుదుము. ఇంకొక్క ప్రశ్న అడుగుడు: ఈ నేలకు నీటితో చుట్టరికమెట్టిది? ఆ యూరి వృద్ధులనడుగుడు, గ్రామపటము చూడుడు, చెరువు హద్దురాయి యెచ్చట నున్నదో కన్నులార చూచి రండు. పిమ్మట మీ వారితో మాటాడుడు. మా వదినెగారు ఇసుక తోలించి మరల మడి కట్టుచున్నారు. ఈసారి వాగు ప్రక్కన నాలుగు సాళ్ల మేర విడిచి, అచ్చట వెదురు నాటుచున్నామని నిన్న కబురు పంపిరి.